మగపెళ్ళివారి వైపు బరువు

నమోదు 1
ఆకాశం: నిర్మలం. సముద్రం: ప్రశాంతం. నేను: రెండూ కాదు.

ఉప్పెన దళంలో ఉన్నన్నాళ్ళూ రోజూ ఇలాగే రాశాను. ముందు ఆకాశం, తర్వాత సముద్రం, చివర మనుషులు. దళం రద్దయింది కానీ చెయ్యి మాట వినడం లేదు.

మబ్బుకోత ఓడలు వచ్చాక తుఫాన్లు తీరందాకా రావడం మానేశాయి. నడిసముద్రంలోనే వాటిని ముక్కలు చేసి వానగా రాల్చేస్తున్నారు. మంచిదే, ఎవరూ చావడం లేదు. కానీ పడవలు, తాళ్ళు, ఊళ్ళు ఖాళీ చేయించడం తప్ప ఇంకో పని రాని మాలాంటివాళ్ళ గతేమిటని ఎవరైనా ఆలోచించారా? ఆలోచించారు. అదే వచ్చిన తంటా.

సాధారణ జీవన శాఖ అని ఒకటి పెట్టారు. దళంలోంచి బయటికొచ్చిన ప్రతివాళ్ళ చేతికీ సౌమ్య కంకణం తొడుగుతారు. దానికి నాలుగు పచ్చ పూసలు. ఆజ్ఞలిచ్చే గొంతుతో మాట్లాడినప్పుడల్లా ఒక పూస ఎర్రబడుతుంది. మూడు నెలల్లోపు నాలుగూ ఎర్రబడ్డాయా, ఉద్యోగం పోయినట్టే. అలా మూడు ఉద్యోగాలు పోతే, వీళ్ళు మామూలు మనుషుల మధ్య బతకలేరని తేల్చి పాత బ్యారక్స్‌కి పంపేస్తారు. ఇక జీవితాంతం అక్కడే. తిండికి లోటుండదట. నాకు తిండి గురించి బెంగ లేదు, పని లేకుండా కూర్చోవడం గురించే బెంగ.

ఇప్పటికే రెండు పోయాయి. మొదటిది పిల్లల బడి. నాలుగు చినుకులు పడగానే పిల్లలందర్నీ వరసగా మేడ మీదికి ఎక్కించి, నడుములకి తాడు కట్టాను. పిల్లలు మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నారు. తల్లిదండ్రులే గోల చేశారు. రెండోది చీరల కొట్టు. ఒకావిడ పొద్దుట్నుంచీ ఎరుపు చీరా పసుపు చీరా చెరో చేత్తో పట్టుకుని తేల్చుకోలేకపోతోంది. పసుపుది లాక్కుని, "ఎరుపే. పదండి, వెనక జనం ఉన్నారు" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఎరుపు ఆవిడకి భలే నప్పింది.

ఇవాళ మూడోదాన్లో చేరాను. తేలే భీమిలిలో కల్యాణ మండపానికి మేనేజర్ని. యజమాని మాణిక్యాంబ గారు నోట్లో కారా కిళ్ళీ పక్కకి నెట్టి అడిగారు, "పెళ్ళిళ్ళు చేయించగలవా అమ్మాయ్?"

"తుఫాన్లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించానండి."

"ఓసి పిచ్చిదానా, అది తేలిక" అన్నారావిడ. పని మాత్రం ఇచ్చారు.

నమోదు 2
ఆకాశం: నిర్మలం. సముద్రం: ప్రశాంతం. వంటవాళ్ళు: అల్లకల్లోలం.

పాత భీమిలి నీళ్ళకింద ఉంది. దాని మీద కొత్త ఊరు పీపాల మీద తేలుతోంది. మా మండపం ఊళ్ళోకెల్లా పెద్ద తేలుడు హాలు. పొద్దున్నే లేచి తాళ్ళు చూడాలి, పీపాల్లో నీళ్ళు ఎంత ఉన్నాయో చూడాలి. హాలు కుడివైపు ఆడపెళ్ళివారు, ఎడమవైపు మగపెళ్ళివారు. రెండువైపులా బరువు ఇంచుమించు సరిగ్గా ఉండాలి. తేడా వస్తే పంపు నీళ్ళు అటూ ఇటూ తోడి సరిచేస్తుంది గానీ, అది మా మాణిక్యాంబ గారి వయసుది. పెద్ద తేడా వస్తే అది తోడి ముగించేలోపు పెళ్ళికూతురికి సీమంతం కూడా అయిపోతుంది.

వంటమేస్త్రి గవరయ్య సాంబారు గుండిగని గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. గుమ్మం అంటే దారి, దారికి అడ్డం పెట్టకూడదు. తియ్యమన్నాను. కాగుతోంది, తియ్యనన్నాడు. నేనూ గొంతు పెంచాను, అతనూ పెంచాడు. కంకణం టింగుమంది. మొదటి పూస పోయింది. అతని గరిటె నా ముక్కు దగ్గర ఊగుతోంది, అయినా ఆ మాయదారి కంకణం నన్నే పట్టుకుంది.

సాయంత్రం కూర్మన్న ఫోన్ చేశాడు. హవల్దార్ కూర్మారావు, శ్రీకాకుళం మనిషి. దళంలో నాకు పని నేర్పినవాడు. బయటి ఉద్యోగానికి ఒక్కసారైనా ప్రయత్నించకుండా నేరుగా బ్యారక్స్‌కి వెళ్ళి కూర్చున్నాడు. అలా తమంతట తామే వెళ్ళినవాళ్ళు ఎప్పుడైనా బయటికి రావచ్చు, ఇతనే రాడు.

"ఏటే రత్నం, ఎన్ని పూసలు పోనాయి?"

"ఒకటే అన్నా."

"బేగి వచ్చీ. నీ మంచం నాను దులిపించి ఉంచినాను. కిటికీ పక్కది."

"రాను."

"వస్తావులే. తుఫాను వస్తాది, నువ్వూ వస్తావు. ఆ ఓడలు ఎన్నాళ్ళు ఆపుతాయి?"

పాపం, రోజూ గుమ్మంలో కూర్చుని సముద్రం వైపే చూస్తాడట. నాకు చాలా కోపమొచ్చింది, ఎవరిమీదో తెలీలేదు.

నమోదు 3
ఆకాశం: పలచటి మబ్బు. సముద్రం: ప్రశాంతం. పెళ్ళికూతురు: ఏడుపు.

నాది తప్పని వీళ్ళంతా అంటున్నారు. నేననను. నీళ్ళ మీద తేలే హాల్లో అంత జనం ఉంటే ప్రాణరక్షణ కవాతు చేయించరా? మంగళవాయిద్యం ఆపించి, అందరికీ నారింజరంగు తేలుడు కోట్లు పంచాను. పెళ్ళికూతురికి కంచిపట్టు మీద తొడిగి, బెల్టు బిగించాను. పెళ్ళికొడుకు పీటల మీద కూర్చుని ఈల ఊది చూసుకుంటున్నాడు, కోటుకి ఈల ఉంటుందిగా. పురోహితుడు గారొక్కరే ముచ్చటపడి, వెళ్ళేటప్పుడు ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

ఇంతలో మాణిక్యాంబ గారు వచ్చారు. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఆ ఈల కన్నా దూరం వినిపించి ఉంటాయి. "కోట్లు తియ్యకండి!" అని నేనూ ఒక్క మాట అన్నాను. టింగ్. రెండో పూస.

నమోదు 4
ఆకాశం: నిర్మలం. సముద్రం: ప్రశాంతం. భోజనాల గది: యుద్ధభూమి.

ఒక సంగతి నాకు ఎప్పటికీ అర్థం కాదు. బంతిలో ఒకరు తింటూ ఉంటారు. ఆ కుర్చీ వెనకే ఇంకొకరు నిలబడి ఉంటారు, కుర్చీ వీపు మీద చెయ్యేసి, ఆకులో ఎంత అన్నం మిగిలిందో చూస్తూ. తినేవాడు పెరుగు వేయించుకుంటే వెనకవాడి మొహం వెలిగిపోతుంది. మళ్ళీ కొంచెం పులిహోర అడిగితే వాడిపోతుంది. వరద శిబిరాల్లో మూడురోజులు పస్తున్నవాళ్ళు కూడా ఇంత క్రూరంగా చూడలేదు.

అందర్నీ గోడవారకి జరిపి వరసలో నిలబెట్టాను. గొంతు పెంచాను, దాపరికం ఎందుకు, గట్టిగానే పెంచాను. మూడో పూస. ఇది మాత్రం అచ్చంగా నాదే.

ఇక ఒక్కటే మిగిలింది. మాణిక్యాంబ గారు నా చెయ్యి పట్టుకుని చూసి, ఒక కిళ్ళీ పెట్టారు. ఆవిడ తిట్టకపోయేసరికి భయమేసింది.

ఇక్కడే ఉండాలని ఉంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. ఈ గోల, ఈ పూల వాసన, పీటల మీద కూర్చున్న ఇద్దరూ దొంగచూపులు చూసుకోవడం. ఇన్నేళ్ళూ నేను జనాన్ని ఇళ్ళలోంచి బయటికి పంపాను. ఇక్కడ జనం లోపలికి వస్తారు, తింటారు, ఇంకొంచెం వడ్డించమంటారు. నాకది బాగుంది.

నమోదు 5
ఆకాశం: నిర్మలం. సముద్రం: ప్రశాంతం. హాలు: కుడివైపుకి ఒరిగింది.

పొద్దుట్నుంచీ జరిగింది వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

ముహూర్తానికి ముందు టిఫిన్ల బంతి. కుర్చీల వెనక జనం నిలబడే బాధ లేకుండా ఒక ఉపాయం ఆలోచించాను. శిబిరంలో చేసినట్టే, ముందు పిల్లలు, ముసలివాళ్ళు, వాళ్ళు ఎవరి తాలూకు అయితేనేం. గొంతు పెంచకుండా, నవ్వుతూ, ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

మగపెళ్ళివారికి ముందు వడ్డించాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని వాళ్ళకి తట్టలేదు.

పెళ్ళికొడుకు మేనమామ ముత్యాలనాయుడు గారు రేవులో చేపల వేలం పాడే మనిషి. నిలువెత్తు విగ్రహం, పంచె, తెల్ల మీసం. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. మొదటి బంతిలో పెళ్ళికూతురి తాతగారు రెండో పెసరట్టు మీద ఉన్నారు. నాయుడు గారు కండువా దులిపారు, భుజాన వేసుకున్నారు, హాలుకి ఎడమపక్క కట్టి ఉన్న వాళ్ళ విడిది లాంచీలోకి నడిచారు. ఆయన వెనక ఆయన భార్య. ఆవిడ వెనక తోడికోడళ్ళు. వాళ్ళ వెనక మగపెళ్ళివారంతా, వాళ్ళు తెచ్చిన మేళంతో సహా. డోలు ఒక్కటే ఇక్కడ మిగిలింది. అలిగారు.

ఉప్పెనకి నా దగ్గర పద్ధతి ఉంది. భూకంపానికుంది. గ్యాసు లీకైతే ఏం చెయ్యాలో నిద్రలో లేపినా చెబుతాను. అలకకి మా దళంలో ఏ శిక్షణా ఇవ్వలేదు.

ఎడమవైపు ఖాళీ కావడంతో హాలు మెల్లగా కుడివైపుకి ఒరగడం మొదలైంది. పంపు మూలిగింది, తోడింది, చాలలేదు. తలంబ్రాల పళ్ళెం జారుకుంటూ వెళ్ళి పెళ్ళికూతురి ఒళ్ళో ఆగింది. కొబ్బరిబొండం పురోహితుడు గారిని దాటుకుని దొర్లిపోయింది. పెళ్ళికొడుకు ఒక్కడే ఎడమవైపు పీట మీద, పీటతో సహా జారకుండా స్తంభం పట్టుకుని కూర్చున్నాడు.

"మీలో సగంమంది అటువైపు వెళ్ళి కూర్చోండమ్మా" అని ఆడపెళ్ళివార్ని బతిమాలాను.

పెళ్ళికూతురి మేనత్త చెంగు దోపుకుంది. "మగపెళ్ళివారి కుర్చీల్లో మేం కూర్చోవడమా! రేపు మాకే మర్యాద తెలీదంటారు. మునిగినా ఇటే మునుగుతాం."

మాణిక్యాంబ గారు నా చెవిలో అన్నారు, "ఇంకో జానెడు ఒరిగిందంటే రేవు అధికారులు వచ్చి హాలు ఖాళీ చేయించి మూసేస్తారు. పీటల మీది పెళ్ళి ఆగిపోతుంది. ఆ పిల్ల మొహం చూడు."

చూశాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒక్క బియ్యపు గింజ కిందపడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఒక్క కేక చాలు నాకు. "ఈ వరస అటు! ఆ వరస ఇటు!" అంటే రాళ్ళు కూడా కదులుతాయి. హాలు సర్దుకుంటుంది, నాలుగో పూస ఎర్రబడుతుంది, నేను బ్యారక్స్‌లో కిటికీ పక్క మంచం మీద ఉంటాను. నోరు తెరిచాను కూడా. కానీ కేకవేస్తే బరువు సర్దుకుంటుంది, అలిగినవాళ్ళు తిరిగి రారు. పీటల మీద ఆ అబ్బాయి ఒక్కడే స్తంభం పట్టుకుని పెళ్ళి చేసుకోవాలి.

అప్పుడు కూర్మన్న గుర్తొచ్చాడు. నేను దళంలో చేరిన కొత్తలో ఒక ముసలమ్మ, ఉప్పెన వస్తోందంటే ఇల్లు కదలనని ద్వారబంధం రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేను అరుస్తుంటే కూర్మన్న నన్ను పక్కకి నెట్టి గుమ్మం మీద కూర్చున్నాడు. కాసిని మజ్జిగ ఇప్పించమ్మా అన్నాడు. తాగాడు. తర్వాత అన్నాడు, "ఈ వీధిలో ఎవులు ఏ ఇంట్లో ఉన్నారో నాకు తెల్దమ్మా. నువ్వు ముందు నడిసి సూపించకపోతే ఎవుల్నో ఒకల్ని ఒదిలేస్తాను." ఆవిడ కోడిపెట్టని చంకన పెట్టుకుని మా అందరికన్నా ముందు నడిచింది. దళంలో దాన్ని గుమ్మం పని అనేవాళ్ళం. ఏ పతకాల జాబితాలోనూ అది లేదు.

వెళ్ళి విడిది లాంచీ గుమ్మం మీద కూర్చున్నాను. నాయుడు గారు అటు తిరిగి ఉన్నారు.

"కాసిని మజ్జిగ ఇప్పిస్తారా బాబుగారూ?"

అలిగిన మనిషైనా దాహమన్నవాళ్ళకి లేదనలేడు. చెంబుతో ఇప్పించారు. మెల్లగా తాగాను. వెనక హాలు కిర్రుమంటోంది.

"వడ్డనలో తప్పు నాదేనండి, ఆడపెళ్ళివారికి సంబంధం లేదు. నాకు శిబిరాలే తెలుసు, పెళ్ళిళ్ళు తెలీవు."

"ఊఁ" అన్నారాయన, అటు తిరిగే.

"ఇప్పుడింకో చిక్కొచ్చింది బాబుగారూ. హాలు తూకం తప్పింది. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలీడంలేదు, మనుషుల బరువు నాకు తెలీదు కదా. మీరు చేపని చూస్తే చాలు, బరువు చెప్పేస్తారట."

మీసం కదిలింది. "చేపనేమిటి, దేన్నైనా చెబుతాను."

"మనుషుల్ని కూడానా?"

ఆయన ఇటు తిరిగారు. నన్ను ఎగాదిగా చూశారు. "అరవై ఎనిమిది. బూట్లతో డెబ్భై."

"అమ్మబాబోయ్. సరిగ్గా అంతే. మరి మీరు రాకపోతే నేనేం చెయ్యగలను?"

లేచారు! కండువా తలకి చుట్టి మరీ లేచారు. నేను గుమ్మం దగ్గరే ఆగాను, హాల్లోకి అడుగుపెడుతూనే ఆయన వేలం మొదలైంది. "నువ్వు డెబ్భై, ఇటు. నువ్వు ఎనభై, ఆ స్తంభం పక్కకి. వదినగారూ, మీరు తొంభై."

"ఎనభై రెండే!" అంది పెళ్ళికూతురి మేనత్త.

"తొంభై. పట్టుచీరతో తొంభై రెండు. ఇక్కడ కూర్చోండి, మీరుంటేనే హాలు నిలుస్తుంది."

ఆవిడ సంతోషించాలో ఏడవాలో తెలీక వెళ్ళి మగపెళ్ళివారి కుర్చీలో కూర్చుంది. రెండువైపులవాళ్ళూ కలగాపులగమయ్యారు. హాలు నిట్టూర్చి సమానమైంది. బొండం వెనక్కి దొర్లుకుంటూ వచ్చి పురోహితుడు గారి దగ్గర ఆగింది. తాళి కట్టే క్షణానికి నా కళ్ళు తడిశాయి. పూస పచ్చగానే ఉంది.

అప్పుడు గవరయ్య వంటింట్లోంచి తల బయటపెట్టి, "భోజనాలు రెడీ!" అన్నాడు.

హాలంతా ఒక్కసారి లేచింది. అందరూ కుడివైపుకే, భోజనాల గదికే. నేల మళ్ళీ ఒరిగింది. నా పక్కనే ఉన్న నాయుడు గారు గుండెలనిండా గాలి పీల్చి, రేవు రేవంతా వినపడేలా కేకేశారు. "ఎక్కడివాళ్ళక్కడ ఆగండి! ఒక్కడు కదిలితే ఊరుకోను!"

జనం బొమ్మల్లా ఆగిపోయారు. హాలు కూడా ఆగింది.

నా చేతికి టింగుమంది.

నమోదు 6
ఆకాశం: తెలీదు. కార్యాలయానికి కిటికీ లేదు.

సాధారణ జీవన శాఖ అధికారి సుగాత్రి గారు మెత్తగా మాట్లాడే మనిషి. నాలుగు ఎర్రపూసలూ చూసి నిట్టూర్చారు.

"బాధగానే ఉందండి రత్నం గారూ. కానీ కంకణం పొరపాటు చెయ్యదు."

"నాలుగో కేక నాది కాదండి."

"అందరూ అలాగే అంటారండి" అన్నారావిడ, ఇంకా మెత్తగా.

ఇరవై ఏళ్ళు గాలివానలో అరిచిన గొంతు, అసలు అరవని రోజున నన్ను ముంచేసింది. లేచి వెళ్ళిపోదామనుకుంటుంటే తలుపు తోసుకుని మాణిక్యాంబ గారు వచ్చారు, వెనక ముత్యాలనాయుడు గారు.

"నమస్కారమండీ!" అన్నారు నాయుడు గారు. ఆయన మామూలుగా చెప్పే నమస్కారమే అది.

బల్ల మీద పళ్ళెంలో కొత్త కంకణాలు పేర్చి ఉన్నాయి. అన్నీ కలిసి టింగుమన్నాయి. ప్రతిదానికీ ఒక ఎర్రపూస.

సుగాత్రి గారు వాటిని చూశారు, ఆయన్ని చూశారు. "మీరు ఎప్పుడైనా దళంలో పనిచేశారా?"

"లేదండీ! చేపలు!"

రెండో పూసలు కూడా వెలిగాయి.

"ఇదంతా నాకెందుకే తల్లీ, పెళ్ళి అమోఘంగా జరిగిందని చెప్పడానికొచ్చాను!" అన్నారు మాణిక్యాంబ గారు. మూడో పూసలు.

సుగాత్రి గారి మొహం జేవురించింది. తలుపు వైపు తిరిగి, "ఏమయ్యా, టీ చెప్పి గంటయింది, ఎక్కడ చచ్చావు!" అన్నారు.

నాలుగోవి కూడా వెలిగాయి. ఆ పళ్ళెం దీపావళిలా ఉంది.

సుగాత్రి గారు సొరుగులోంచి చిన్న తాళంచెవి తీసి నా కంకణం విప్పేశారు. "దీన్ని చేసినవాళ్ళు మన ఊళ్ళో ఒక్క పెళ్ళికైనా వెళ్ళి ఉండరు" అని గొణిగారు. "మీరిక మామూలు మనిషేనండి. ఏ నైపుణ్యంతో ఉద్యోగంలో కుదురుకున్నారని రాసుకోమంటారు?"

"గుమ్మం దగ్గర కూర్చోవడం అని రాసుకోండి."

రాసుకున్నారు. అదేం నైపుణ్యమని కూడా అడగలేదు.

నమోదు 7
ఆకాశం: నిర్మలం. సముద్రం: ప్రశాంతం.

బ్యారక్స్‌కి వెళ్ళాను. కూర్మన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి ద్వారబంధం మీద. నా ఖాళీ మణికట్టు చూశాడు.

"పోనాదా ఉద్యోగం? పోనీలే. నీ మంచం దులిపించే ఉంచినాను."

"పోలేదన్నా. కంకణమే పోయింది."

చెయ్యి ద్వారబంధాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నేను గుమ్మం మీద కూర్చున్నాను.

"కాసిని మజ్జిగ ఇప్పించు."

ఇచ్చాడు. తాగాను. సముద్రం మీద ఒక్క మబ్బు తునక లేదు.

"వచ్చే వారం పెద్ద పెళ్ళుంది. ఆడపెళ్ళివారి వైపు నేను చూసుకుంటాను. మగపెళ్ళివారి వైపు చూసే మనిషి లేడు. ఎవరు ఎప్పుడు అలుగుతారో నాకు తెలీదన్నా. నువ్వు రాకపోతే ఎవర్నో ఒకర్ని లాంచీలోనే వదిలేస్తాను."

కూర్మన్న మొహం ముడతలుపడి, నవ్వో ఏడుపో తెలీకుండా అయింది.

"ఒలే, నా మాటలు నాకే సెప్తన్నావేటే?"

"అవునన్నా."

"నాకు తెలిసిపోనాదని నీకు తెల్సా?"

"తెలుసన్నా."

సముద్రం వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత లోపలికి తిరిగి అన్నాడు, "ఆ హాలుకి తాళ్ళు ఎలాంటివి వాడతన్నారు?"

"నైలాన్."

"సచ్చినారు! నైలాన్ ఎండకి పెళుసవుతాది. ఉండు, సెప్పులు ఏసుకోనీ."

చెప్పులు వెతకడానికి రెండు చేతులూ కావాలి. ద్వారబంధం వదిలేశాడు.

లాంచీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా కూర్మన్న కూర్చుని నా తాడు ముడి బాగోలేదని విప్పి మళ్ళీ కడుతున్నాడు.

మనుషులు: ఇద్దరం.